పాత జీపును బాగు చేయడం ఎలా? ముందు గుర్తు పట్టాలి, తర్వాతే మార్చాలి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని తమ్ముళ్ళు మా షెడ్డు దాకా వచ్చి అడిగారు. కథలు, కవితలు రాసేవాళ్ళు మన హాస్టల్లో ఎప్పుడూ ఉన్నారు. మాకు అవి చేతకావు. మేము నలుగురం ఈ హాస్టల్లోనే చదువుకుని బయటికి పోయినవాళ్ళం. మాలో ఇద్దరు ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ పని నేర్చుకున్నారు, ఒకరు లేత్ పని నేర్చుకున్నారు, ఇంకొకరు డిగ్రీ చదివి లెక్కలు రాసే పనిలో కుదిరారు. మాకు తెలిసింది పానాలు, నట్లు, బోల్టులు. కాబట్టి మేము నలుగురం డబ్బులు వేసుకుని కొన్న ఒక పాత జీపును ఎలా బాగు చేశామో, అందులో ఏ భాగాన్ని ఎలా గుర్తు పట్టామో, ఎక్కడ తప్పు చేయబోయి ఆగామో రాస్తున్నాం.

దీనివల్ల మీకేం లాభం అని అడగవచ్చు. మన హాస్టల్ నుంచి ఏటా కొందరు పదో తరగతితో చదువు ఆపేసి మెకానిక్ షెడ్లలో చేరుతున్నారు. అక్కడ ఏళ్ళ తరబడి కిరోసిన్‌తో సామాన్లు కడగడం, "అది తే, ఇది పట్టు" అంటే పరుగెత్తడం తప్ప ఆ భాగం పేరేమిటో, ఏ పని చేస్తుందో చెప్పేవాళ్ళు ఉండరు. మేమూ అలాగే మొదలుపెట్టాం. భాగం పేరు, దాని కొలత తెలిసిన రోజు నుంచే మాకు కూలి మారింది, పిలుపు కూడా మారింది. ఆ తేడా మీకు త్వరగా రావాలని ఈ వ్యాసం.

జీపు మన వైపు ఎలా వచ్చింది?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం తయారైన బండి జీపు. 1941 నుంచి 1945 వరకు విల్లీస్ కంపెనీ 'ఎం.బి.' అనే పేరుతోను, ఫోర్డు కంపెనీ 'జి.పి.డబ్ల్యు.' అనే పేరుతోను ఒకే నమూనా బండిని చేశాయి. రెండూ కలిపి 6 లక్షలకు పైగా తయారయ్యాయి. యుద్ధం అయిపోయాక మన దేశంలో మిగిలిన జీపులను అమ్మేశారు. అలా కొన్ని మిలిటరీ జీపులు మన ఊళ్ళకు చేరాయి.

1945లో మహీంద్రా అన్నదమ్ములు జె.సి., కె.సి.లు, గులాం మహమ్మద్ కలిసి 'మహీంద్రా అండ్ మహమ్మద్' అనే ఉక్కు వ్యాపారం మొదలుపెట్టారు. దేశ విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు వెళ్ళి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు. ఇక్కడి కంపెనీ పేరు 1948లో 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారింది. ఆ దశాబ్దం చివర్లోనే బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించడం మొదలైంది. తర్వాత వచ్చిన 'సి.జె.3బి' అనే ఎత్తు బానెట్ జీపును మన దేశంలోనే తయారు చేస్తూ పోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 1959లో పంచాయతీ సమితులు వచ్చాక 'సమితి జీపు' అంటే పల్లెలో పిల్లవాడికి కూడా తెలుసు. ఆఫీసుల్లో వాడి వేలం వేసినవి రైతులు, వ్యాపారులు కొన్నారు. గుత్తి, పత్తికొండ, తాడిపత్రి దారుల్లో మనుషుల్ని ఎక్కించుకుని తిరిగిన జీపులను మీ నాయనలు, తాతలు ఎక్కి ఉంటారు.

ఇన్ని చేతులు మారిన బండి మన గుత్తి కోట లాంటిది. కోట మీద విజయనగరం వాళ్ళు, మురారిరావు, హైదరాలీ, ఇంగ్లీషువాళ్ళు అందరూ చేయి పెట్టారు. ఏ గోడ ఎవరిదో చూస్తే తప్ప తెలియదు. జీపు కూడా అంతే. బానెట్ ఒక బండిది, ఇరుసు ఇంకో బండిది, ఇంజన్ మరో బండిది అయి ఉండవచ్చు. అందుకే "ఇది ఏ జీపు?" అని ఒక్కసారి అడిగితే చాలదు. ప్రతి భాగాన్నీ విడిగా అడగాలి.

కొనే ముందు చూడవలసినవి

మేము చూసిన జీపు ఒక పల్లెలో చింతచెట్టు కింద ఉంది. "ఇది యుద్ధం నాటి మిలిట్రీ బండప్పా, ఇట్లాంటిది మళ్ళా దొరకదు" అని యజమాని ధర పెంచి చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయనకు ఎవరో అలా చెప్పి అమ్మారు. మేము కింది గుర్తులు చూశాం.

మొదటిది ముందు జాలీ. యుద్ధం జీపుల్లో మొట్టమొదటివి తప్ప మిగిలిన వాటికి రేకులో కోసిన నిలువు సందులు 9 ఉంటాయి. యుద్ధం తర్వాత మామూలు జనం కోసం చేసిన 'సి.జె.' రకాలకు 7 ఉంటాయి. మా జీపుకు 7 ఉన్నాయి.

రెండోది బానెట్ ఎత్తు. 1953లో వచ్చిన సి.జె.3బి బానెట్ అంతకు ముందు వాటికంటే ఎత్తుగా ఉంటుంది. అది అందం కోసం చేసింది కాదు. పాత ఇంజన్‌లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉండేవి. కొత్త ఇంజన్‌లో ఇన్‌లెట్ వాల్వులను హెడ్డులోకి తెచ్చారు, ఎగ్జాస్ట్ వాల్వులను బ్లాకులోనే ఉంచారు. దానితో ఇంజన్ ఎత్తు పెరిగింది. అది పట్టడానికి బానెట్‌ను పైకి లేపారు. మా జీపు బానెట్ ఎత్తుగానే ఉంది.

మూడోది వెనక తలుపు. యుద్ధం జీపుకు వెనక తెరిచే తలుపు లేదు. సి.జె.లకు ఉంది.

నాలుగోది స్టీరింగ్. యుద్ధం జీపులన్నీ ఎడమ వైపు స్టీరింగ్‌తో వచ్చాయి. ఇక్కడ కుడి వైపుకు మార్చుకున్నా, చాసిస్ ఎడమ పట్టాకు పాత స్టీరింగ్ బాక్సు బోల్టుల రంధ్రాలు మిగిలి ఉంటాయి. మా దానికి అవి లేవు.

ఐదోది టేపు. ముందు చక్రం నడిమధ్య నుంచి వెనక చక్రం నడిమధ్యకు 80 అంగుళాలు వస్తే అది పొట్టి చాసిస్. 91 వస్తే తర్వాతి పొడుగు జీపు. మాకు 80 వచ్చింది.

ఐదు గుర్తులూ కలిపితే అది యుద్ధం బండి కాదు, మన దేశంలో తయారైన సి.జె.3బి అని తేలింది. ఆర్.సి.లో ఉన్న సంవత్సరం కూడా దానికి సరిపోయింది. యజమానికి ఒక్కొక్కటీ చూపించి చెప్పాం. ఆయన కూడా జాలీ సందులు తానే లెక్కపెట్టుకుని నవ్వి, ధర తగ్గించాడు.

విల్లీస్‌కు, ఫోర్డుకు తేడా కూడా తెలుసుకోండి. యుద్ధం జీపే దొరికితే, రేడియేటర్ కింద చాసిస్ రెండు పట్టాలను కలిపే అడ్డకమ్మీ చూడండి. గుండ్రటి గొట్టం అయితే విల్లీస్. బోర్లించిన 'యు' ఆకారంలో ఉంటే ఫోర్డు. ఫోర్డు వాళ్ళు తమ బోల్టుల తలల మీద, చాలా భాగాల మీద 'ఎఫ్' అనే ఇంగ్లీషు అక్షరం కొట్టేవారు. ఈ 'ఎఫ్' గురించి మళ్ళీ చెబుతాం.

నంబరు జోలికి పోకూడదు

జీపు కొన్నాక మొదటి పని నంబర్లు చదవడం. ఈ జీపు పెట్రోలు ఇంజన్లకు నంబరు బ్లాకు ముందు భాగాన, కుడి వైపు కొట్టి ఉంటుంది. అరవై ఏళ్ళ గ్రీజు, మట్టి, రంగు దాని మీద పేరుకుని ఉంటాయి. ఉలితో గానీ గ్రైండరుతో గానీ గీకకూడదు. కిరోసిన్ గుడ్డ కప్పి ఒక రాత్రి వదిలేసి, తెల్లారి మెత్తటి బ్రష్షుతో తుడవాలి. తర్వాత సుద్దముక్క అడ్డంగా రుద్దితే అక్షరాల గుంటల్లో తెలుపు నిలిచి నంబరు కనిపిస్తుంది. చాసిస్ నంబరుకూ ఇదే పద్ధతి.

మా ఇంజన్ నంబరులో ఒక అంకె సగం అరిగి ఉంది. "గ్రైండింగ్ పట్టి కొత్తగా పంచి కొట్టిస్తే శుభ్రంగా ఉంటుంది" అని ఒకాయన సలహా ఇచ్చాడు. ఆయన మంచికే చెప్పాడు గానీ, అది మహా తప్పు. నంబరు చెరిపిన బండిని చట్టం దొంగ బండిలా చూస్తుంది. అరిగిన అంకె అలాగే ఉండనిచ్చి, ఫోటో తీసి, ఆర్.సి. నకలుతో కలిపి పెట్టుకున్నాం.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. మన వైపు చాలా జీపులకు పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ వేశారు. అలాంటి మార్పును ఆర్.సి.లో ఎక్కించారా లేదా అన్నది కొనే ముందే చూసుకోవాలి. 15 ఏళ్ళు దాటిన సొంత బండికి ఫిట్‌నెస్ చేయించి, ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, చాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు చేయని సొంత బండ్లకు ఇది వర్తిస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. నంబరులో 'వి.ఎ.' అనే అక్షరాలు వస్తాయి. ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పట్టించుకోవడానికి నడపవచ్చు గానీ రోజువారీ ప్రయాణాలకు, బాడుగకు వాడకూడదు. అందుకే అసలు భాగం ఉండగా దాన్ని పారేసి వేరేది వేయడం అంటే బండి విలువను మన చేతులతోనే తగ్గించుకోవడం.

విప్పేటప్పుడు హాస్టల్ పద్ధతి

హాస్టల్లో ప్రతి ప్లేటు వెనకా, ప్రతి రేకు పెట్టె మీదా నంబరు ఉండేది గుర్తుంది కదా. ఆ నంబరు లేకపోతే భోజనాల గంట కొట్టగానే ఎవరి ప్లేటు ఎవరిదో తెలియక గొడవలయ్యేవి. జీపు విప్పేటప్పుడు మేము అదే పద్ధతి పెట్టుకున్నాం. డబ్బా రేకు ముక్కల మీద మేకుతో నంబర్లు కొట్టి, ఇనుప తీగతో ప్రతి భాగానికీ కట్టాం. మా లెక్కల మిత్రుడు ఒక లాంగ్ నోటుబుక్కులో నంబరు, భాగం పేరు, ఏ వైపుది, ఎన్ని బోల్టులు, ఏ సైజు అని గళ్ళు గీసి రాశాడు. కాగితం చీటీలు కట్టవద్దు. కిరోసిన్ తగిలితే ఒక్క అక్షరం మిగలదు.

విప్పిన బోల్టును అదే రంధ్రంలో రెండు చుట్లు తిప్పి వదిలేయడం మంచి అలవాటు. కుడి, ఎడమ భాగాలను కలపకూడదు. ముందు ఇరుసులో లోపలి షాఫ్టులు రెండూ ఒకే పొడవు ఉండవు. కొత్త భాగం బిగిసి, బండి నడిచి, నెల గడిచేదాకా పాత భాగాన్ని గుజిరీ అంగడికి వేయకూడదు. అదే మనకు నమూనా.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఈ పాత జీపుల్లో ఎడమ వైపు చక్రాల నట్లకు ఎడమ త్రెడ్డు ఉంటుంది. అంటే మామూలుగా విప్పే వైపు తిప్పితే బిగుసుకుంటాయి. ఇది తెలియక పానాకు పైపు తగిలించి ఎగిరి తొక్కి స్టడ్డులు విరగ్గొట్టినవాళ్ళను మేము చూశాం. స్టడ్డు చివర 'ఎల్' అక్షరం ఉందేమో ముందు చూడండి.

ఆయిల్ పంపు చెప్పిన పాఠం

మా ఇంజన్ 2,199 సి.సి. పెట్రోలు ఇంజన్. సిలిండర్ వ్యాసం 3-1/8 అంగుళాలు, స్ట్రోకు 4-3/8 అంగుళాలు. యుద్ధం జీపు ఇంజన్‌కు కూడా ఇవే కొలతలు. కొలత ఒకటే కదా అని అన్ని భాగాలూ ఒకటే అనుకుంటే మోసపోతాం.

చూసి తేడా పట్టడం సులభమే. పాత రకంలో హెడ్డు బల్లపరుపుగా ఉండి ప్లగ్గులు దాని మీద నిటారుగా నిలబడి ఉంటాయి. కార్బొరేటర్ పక్కన ఉంటుంది. తర్వాతి రకంలో కార్బొరేటర్ హెడ్డు మీదికి వస్తుంది, పైన రాకర్ కవరు ఉంటుంది, ప్లగ్గులు పక్కకు పోతాయి. మాది రెండో రకం.

మా ఇంజన్‌లో ఆయిల్ పంపు అరిగిపోయి ఉంది. ఒక అంగడికి పోయి "జీపు ఆయిల్ పంపు కావాల" అని అడిగాం. నమూనా తీసుకుపోలేదు. పెట్టెలో ఉన్నది ఇచ్చారు. చూడటానికి అచ్చం అలాగే ఉంది, బోల్టు రంధ్రాలు కూడా సరిపోయాయి. కానీ లోపలికి పోయాక గేరు కూర్చోలేదు. మాలో ఒకరు సుత్తి అందుకున్నారు. పక్కన కూర్చుని చూస్తున్న పెద్ద మెకానిక్ చాచా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగప్పా. పోనిదాన్ని కొట్టి పంపితే రేపు అది ఇంజన్నే కొడతాది. రెండు పంపులూ పక్కపక్కన పెట్టి చూడు" అన్నాడు.

పెట్టి చూశాం. గేరు పళ్ళ వాలు ఒకదానిది ఇటు ఉంటే, ఇంకోదానిది అటు ఉంది. కారణం చాచా విడమరిచి చెప్పాడు. మొదటి జీపు ఇంజన్లలో క్రాంకు నుంచి కామ్ షాఫ్టుకు చైను ఉండేది. చైనుతో కలిపితే రెండూ ఒకే వైపు తిరుగుతాయి, సైకిల్ పెడలు, వెనక చక్రం లాగా. తర్వాత చైను తీసేసి గేర్లు పెట్టారు. ఒక గేరు ఇంకో గేరును తిప్పితే రెండోది ఎదురు వైపు తిరుగుతుంది. కామ్ షాఫ్టు తిరిగే దిశ మారింది కాబట్టి దాని నుంచి తిరిగే ఆయిల్ పంపు గేరు పళ్ళ వాలు కూడా మార్చవలసి వచ్చింది. మాకు ఇచ్చింది చైను ఇంజన్ పంపు. మాది గేరు ఇంజన్.

ఆ రోజు సుత్తితో కొట్టి ఉంటే కామ్ షాఫ్టు పళ్ళు పోయేవి, లేదా పంపు సరిగా తిరగక ఆయిల్ అందకుండా బేరింగులు కరిగిపోయేవి. మేము నలుగురం పెట్టిన డబ్బంతా ఒక్క దెబ్బకు పోయేది. అప్పటి నుంచి మా షెడ్డులో ఒక నియమం పెట్టుకున్నాం. పాత భాగం చేతిలో లేకుండా అంగడి మెట్లు ఎక్కకూడదు.

ట్యూనింగ్ లెక్కలు కూడా రాసుకోండి. ఫైరింగ్ వరుస 1-3-4-2. ప్లగ్గు సందు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 30, కాంటాక్టు పాయింట్ల సందు 20. మా రకం ఇంజన్‌కు వాల్వు సందు ఇన్‌లెట్‌కు 18, ఎగ్జాస్ట్‌కు 16. కళ్ళతో అంచనా వేయవద్దు, ఫీలర్ గేజ్ వాడండి.

కరెంటు సామాన్లు కొనే ముందు బండి 6 వోల్టులదా, 12 వోల్టులదా అని చూసుకోవాలి. యుద్ధం జీపులు, మొదటి సి.జె.లు 6 వోల్టులవి. బ్యాటరీ ఒక్కో గదికి 2 వోల్టులు అని మీరు భౌతికశాస్త్రంలో చదివారు. మూడు మూతలుంటే 6, ఆరు ఉంటే 12. కాయిల్, బల్బులు, సెల్ఫ్ మోటారు, డైనమో అన్నీ ఆ లెక్కకే సరిపోవాలి.

ముందు ఇరుసులో దొరికిన 'ఎఫ్'

జీపు అమ్మిన యజమాని ఒక మాట చెప్పాడు. "ఫోర్ వీల్ వేస్తే బండి పట్టేస్తాదప్పా, అందుకే ముందు రాడ్డు తీసేయించినా" అని. ఆయన రాడ్డు అన్నది ముందు ప్రొపెల్లర్ షాఫ్టును. చాలామంది ట్రాన్స్‌ఫర్ కేస్ చెడిపోయిందన్నారు. అది మార్చాలంటే పెద్ద ఖర్చు. మేము దాన్ని ముట్టుకోకముందే ఇరుసులు రెండూ లెక్కపెట్టాలనుకున్నాం.

లెక్కపెట్టే పద్ధతి ఇది. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాలి. ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మీద పనిచేస్తుంది కాబట్టి దాన్ని వదిలేయాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచాలి. వెనక ఒక్క చక్రాన్ని మాత్రమే జాకీతో లేపి, ఇరుసు కింద గట్టి స్టాండు పెట్టాలి. టైరు మీద, షాఫ్టు మీద సుద్దతో గీతలు గీయాలి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరు లెక్కపెట్టాలి. రెండు చుట్లు ఎందుకంటే, రెండో చక్రం నేల మీద కదలకుండా ఉన్నప్పుడు డిఫరెన్షియల్ వల్ల షాఫ్టు సగమే తిరుగుతుంది.

వెనక ఇరుసుకు ఐదు చుట్ల మీద ఇంకో మూడో వంతు పైగా వచ్చింది. అంటే 5.38. క్రౌన్‌కు 43 పళ్ళు, పీనియన్‌కు 8 పళ్ళు. సి.జె.లకు ఉండవలసినదే. అదే పద్ధతిలో ముందు ఇరుసు చూస్తే ఐదుకు కొంచెం తక్కువ వచ్చింది. అంటే 4.88. క్రౌన్‌కు 39 పళ్ళు, పీనియన్‌కు 8. ఇది యుద్ధం జీపు లెక్క. మళ్ళీ తిప్పాం, మళ్ళీ అదే వచ్చింది. గ్రీజు గీకి చూస్తే ఆ ఇరుసు బోల్టుల తలల మీద 'ఎఫ్' అక్షరాలు కనిపించాయి. ఎప్పుడో ఎవరో మా సి.జె.3బికి ఫోర్డు చేసిన యుద్ధం జీపు ముందు ఇరుసును తగిలించారు. బయట నుంచి చూస్తే తేడా తెలియదు.

ఇప్పుడు బండి ఎందుకు పట్టేస్తుందో చూడండి. ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు, వెనక షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మధ్యలో ఇంకో డిఫరెన్షియల్ లేదు. వెనక చక్రం 39 చుట్లు తిరిగే లోపల ముందు చక్రం 43 చుట్లు తిరగాలి. సుమారుగా పదికి పదకొండు. కానీ రెండూ ఒకే నేల మీద నడుస్తున్నాయి. ఒక ఎద్దు ముందుకు లాగుతుంటే ఇంకో ఎద్దు నిలబడినట్టు అవుతుంది. టైర్లు జారాలి, లేదా ఏదో ఒకటి విరగాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ తప్పు ఏమీ లేదు. దాన్ని కొత్తది వేసినా రోగం పోయేది కాదు.

ముందు ఇరుసుకు 43కు 8 క్రౌన్ పీనియన్ జత వేశాం. క్రౌన్, పీనియన్ ఎప్పుడూ జతగానే కొనాలి. రెంటినీ కలిపి అరగదీసి జత చేస్తారు. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే కొద్ది రోజుల్లోనే అరుస్తుంది. బయటికి తీసిన 39 పళ్ళ క్రౌన్‌ను రంగు వేసి షెడ్డు గోడకు తగిలించాం. మీరు వస్తే చూపిస్తాం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రెండు ఇరుసులూ సరిపోయినా తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. బురదలో, ఇసుకలో చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు.

అంగుళం, మిల్లీమీటరు

ఈ జీపుల బోల్టులు అంగుళాల లెక్కవి. ఇప్పుడు షెడ్లలో ఉండే పానాలు మిల్లీమీటర్లవి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా వేస్తే వదులుగా తిరిగి మూలలు అరుగుతాయి. 9/16 అంటే 14.3. దానికి 14 ఎక్కదు, 15 వదులు. 5/8కు 16, 3/4కు 19 దాదాపు సరిపోతాయి. త్రెడ్డు సంగతి ఇంకా ముఖ్యం. అంగుళం త్రెడ్డు రంధ్రంలో మిల్లీమీటరు బోల్టు రెండు చుట్లు పోయి బిగుస్తుంది. 'పట్టుకుంది' అనుకుని బలంగా తిప్పితే రంధ్రమే పాడవుతుంది. చేతి వేళ్ళతో చివరిదాకా పోయేదే సరైన బోల్టు.

బేరింగుల మీద నంబరు ఉంటుంది. ఈ జీపుల చక్రాల బేరింగులో లోపలి కోన్ 18590, బయటి కప్పు 18520. ఈ నంబర్లు చెబితే బేరింగ్ అంగడివాళ్ళకు జీపు పేరు చెప్పే పనే లేదు. గుత్తిలో దొరకకపోతే అనంతపురం, అక్కడా లేకపోతే బెంగళూరు జె.సి. రోడ్డు. నంబరు, నమూనా రెండూ ఉంటే ఎక్కడైనా పని జరుగుతుంది.

ఏవి మార్చాలి, ఏవి ఉంచాలి?

మేము భాగాలను మూడు కుప్పలు చేశాం.

మొదటి కుప్ప: తప్పకుండా కొత్తవి వేయవలసినవి. బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్ రబ్బర్లు, బ్రేకు లైనింగులు, టై రాడ్ ఎండ్లు, ఆయిల్ సీళ్ళు, పెట్రోలు గొట్టాలు. ప్రాణం వీటి మీద ఆధారపడి ఉంటుంది. స్టీరింగ్ భాగాలకు వెల్డింగ్ పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

రెండో కుప్ప: బాగు చేసి వాడదగినవి. కింగ్ పిన్ బేరింగులు మార్చి షిమ్ములు సర్దితే స్టీరింగ్ వణుకు పోతుంది. కమాన్ కట్టల్లో విరిగిన పట్టీ ఒక్కటే మార్చి, బుష్షులు లేత్ మీద చేయించుకోవచ్చు. మా బండికి మా మిత్రుడే చేశాడు. సిలిండర్లు అరిగితే రీబోర్ చేయించి ఓవర్ సైజు పిస్టన్లు వేయవచ్చు.

మూడో కుప్ప: ఉన్నది ఉన్నట్టు ఉంచవలసినవి. జాలీ, బానెట్, డాష్ బోర్డు, మీటర్లు, రివెట్లతో కొట్టిన రేకు పలకలు. సొట్టలు తీసి రంగు వేస్తే చాలు. మన అనంతపురం జిల్లాలో వాన తక్కువ. ఆ కరువు మన పొట్ట కొట్టింది గానీ, పాత బండ్ల రేకులను మాత్రం తుప్పు నుంచి కాపాడింది. సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఇదే వయసు జీపుకు చాసిస్ కూడా మిగలదు.

అయితే మన గాలి, దుమ్ము వేరే రకంగా చంపుతాయి. ఆషాఢం గాలికి లేచే ఎర్ర దుమ్ము ఇంజన్‌లోకి పోతే పిస్టన్ రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. ఈ జీపులకు ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉంటుంది. గాలి ముందు నూనెను తగిలి దుమ్ము అక్కడ వదిలి లోపలికి పోతుంది. చాలామంది అది పాతదని తీసేసి ఖాళీ గొట్టం పెడతారు. దాన్ని మించిన తప్పు లేదు. కడిగి, గీత దాకా ఇంజన్ ఆయిల్ పోసి పెట్టండి.

ఇంకొకటి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రమ్ దానికి మెత్తబడి పగులుతాయి. ఇథనాల్‌కు ఆగే రబ్బరు అడిగి తెచ్చుకోండి.

షెడ్డులో పనిచేసే తమ్ముళ్ళకు ఒక మాట. పాత బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ము విప్పి గాలి పైపుతో ఊదితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి, ఏళ్ళ తర్వాత రోగం తెస్తుంది. తడి గుడ్డతో తుడవండి, మూతికి గుడ్డ కట్టుకోండి. మేస్త్రీ తిట్టినా సరే ఊదవద్దు.

చివరగా

జీపు ఇప్పుడు నడుస్తోంది. బాగు చేయడానికి మేము అనుకున్నదానికంటే ఎక్కువ కాలమే పట్టింది. ఆదివారాలు మాత్రమే చేయగలిగాం. మొదటిసారి ఫోర్ వీల్ వేసి ఎర్ర ఇసుక వంకలో దించినప్పుడు బండి పట్టెయ్యకుండా మెత్తగా దాటింది. అమ్మిన ఆయనను కూడా పిలిచి ఎక్కించుకున్నాం. ఆయన దిగి ముందు ఇరుసు కిందికి తొంగి చూసి, "ఇన్నేండ్లు ఆ డబ్బాను తిట్టుకుంటి, తప్పు దాంది కాదంటావా!" అన్నాడు.

ఆ మాట మాకు బాగా గుర్తుండిపోయింది. సరిగ్గా చూడకుండా ఒకదాని మీద తప్పు వేయడం బండ్ల విషయంలోనే కాదు, మనుషుల విషయంలోనూ జరుగుతుంది. హాస్టల్ పిల్లలం, ఆ సంగతి మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.

తమ్ముళ్ళారా, చదువు ఆపవద్దు. ఒకవేళ పనిలోకి పోవలసి వస్తే చేతిలో పానాతో పాటు జేబులో చిన్న నోటుబుక్కు, పెన్సిలు పెట్టుకోండి. ప్రతి రోజూ ఒక భాగం పేరు, దాని కొలత, అది చేసే పని రాసుకోండి. పేరు తెలియని భాగాన్ని విప్పవద్దు, ఎందుకు చెడిందో తెలియకుండా మార్చవద్దు. ఆదివారం పూట వార్డెన్ సార్ అనుమతి తీసుకుని మా షెడ్డుకు రండి. 39 పళ్ళ క్రౌన్, వాలు తప్పిన ఆయిల్ పంపు, రేకు ముక్కల నంబర్లు, ఆ లాంగ్ నోటుబుక్కు అన్నీ ఉన్నాయి. మీ చేతులతో చక్రం తిప్పి చుట్లు లెక్కపెట్టి చూడండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థులు, గుత్తి